ఉప్పునీళ్ళు తాగిన మల్లె

1961 నవంబరు, నాగులచవితి. ఆ రోజు తిన్నది రాఘవమ్మకు ఇప్పటికీ నాలుక మీదే ఉంది. పుట్టలో పాలు పోసి వచ్చి, భర్త రంగనాయకులూ తనూ ఒకే ఆకులో చలిమిడి, చిమ్మిలి తిన్నారు. చివరి చిమ్మిలి ఉండను అతను రెండుగా విరిచి, పెద్ద ముక్క ఆమెకే పెట్టాడు.

సాయంత్రానికి గాలి తిరిగింది. పులికాట్ పొంగి ఊరి మీదికి వస్తోందన్నారు. జనమంతా పిల్లాజెల్లాతో రైలుకట్ట ఎక్కారు. రంగనాయకులు చేలో కట్టేసిన బర్రెలను విప్పడానికి వెళ్ళాడు. అతని తండ్రి మాలకొండయ్య, కొడుకు వస్తాడని ఇంటి అటక మీదే ఉండిపోయాడు.

నీళ్ళు తగ్గాక రాఘవమ్మ ఇల్లు చేరింది. బర్రెలు వాటంతట అవే తిరిగొచ్చి ఉన్నాయి. మనిషి రాలేదు. ఊరంతా చచ్చిన గొడ్ల వాసన. మామ ఒక్కడే పారతో పెరట్లో మేట తీస్తున్నాడు. అరచేతుల్లో చర్మం లేచిపోయింది.

"ఆయన రాలేదా, మామా?"

"వస్తాడమ్మా" అన్నాడు తలెత్తకుండా.

ఏడాది దాటింది. రంగనాయకుల్ని మద్రాసు హార్బరులో చూశామని ఒకరు, నాయుడుపేట సంతలో చూశామని ఇంకొకరు చెప్పారు. ఆ మాటలు పట్టుకుని రాఘవమ్మ బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. పూల జోలికి మాత్రం పోలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటి అంటు తెచ్చి తాను నాటిన మల్లెపొద, ఉప్పునీళ్ళు తాగి పెరటి గోడ పక్కన ఎండిపోతున్నా అటు చూడలేదు.

పుష్యమాసంలో మాలకొండయ్య చెల్లెలు ఆదిశేషమ్మ వచ్చింది.

"ఇంకెంత కాలమన్నా? కర్మ లేక వాడి ప్రాణం యాడ తిరగతా ఉండాదో. దర్భలతో బొమ్మ చేసి కాల్చి, జరగాల్సింది జరిపించు."

జరగాల్సింది ఏమిటో రాఘవమ్మకు తెలుసు. పదోరోజున గాజులు, బొట్టు, పూలు. ఆమెకు ఇరవై రెండేళ్ళు.

"వాడు రాడని నీకెవురు చెప్పినారు?" అన్నాడు మాలకొండయ్య.

"వస్తాడని నీకెవురు చెప్పినారు?"

ఆయన పెరట్లోకి చూశాడు.

"ఆ మల్లె చెప్తాది. ఈ ఎండాకాలానికి అది పూస్తే నా కొడుకు బతికున్నట్టే. ఇంక ఈ మాట ఎవురూ ఎత్తగూడదు. పూయకపోతే నువ్వు చెప్పినట్టే చేస్తా."

ఆదిశేషమ్మ ఆ ఎండుపుల్లలను ఎగాదిగా చూసింది. "పొయ్యిలోకి కూడా పనికిరాదు, దాన్ని సాక్షం పిలస్తా ఉండావా? సరే, మాట మీద ఉండు."

రాఘవమ్మ కబురు పెడితే, తోటపని తెలిసిన ముత్యాలయ్య గడ్డపారతో వచ్చాడు.

"ఇది చెడిపోయిన మొదలయ్యా. పెరికేసి కొత్త అంటు పెట్టుకోండి."

"మొదలు ముట్టుకోవద్దు."

"చుట్టూ తవ్వి వేరన్నా చూస్తాను."

"వద్దన్నానా! గడ్డపార బయట పెట్టు."

మామ గొంతు అంత గట్టిగా లేవడం రాఘవమ్మ ఎన్నడూ వినలేదు. మరుక్షణమే ఆయన లోపలికి వెళ్ళి, చెంబుతో మజ్జిగ తెచ్చి ముత్యాలయ్య చేతికిచ్చాడు.

ఆ పని మామే పెట్టుకున్నాడు. కొమ్మ కొమ్మకూ బెరడును గోటితో గీకి చూశాడు. లోపల పచ్చ కనిపించేదాకా కోసుకుంటూ వచ్చాడు. పొద మోకాలెత్తు మిగిలింది. ఉన్న నాలుగాకులూ దూసేసి కొన్నాళ్ళు ఎండగట్టాడు. తర్వాత పెంట ఎరువు తెచ్చి మొదట్లో కుప్పగా పోశాడు.

"పాదు తవ్వకుండా వేస్తే వేరుకు అందతాదా, మామా?"

"తవ్వితే వేర్లు తెగతాయి తల్లీ. పైన వేసినా దిగతాదిలే."

ఇంటి బావి నీళ్ళు ఇంకా ఉప్పే. ఊరి అవతల మంచినీళ్ళ బావి నుంచి కావడి మోసుకొచ్చి పోసేవాడు. కొన్నాళ్ళకు రాఘవమ్మ కూడా బిందె చంకనెత్తుకుంది. నీళ్ళు పోసినంతసేపూ ఆమె కళ్ళు కణుపుల మీదే.

మాఘం పోయింది. ఏమీ లేదు. ఫాల్గుణంలో ఒక కణుపు దగ్గర ఆవగింజంత పచ్చ కనిపించింది. రాఘవమ్మ ఆ పూట అన్నం కడుపునిండా తిన్నది.

చైత్రం వెళ్ళేలోగా పొద నిండా మొగ్గలే. నాటిన నాటి నుంచీ అంత బలంగా ఎన్నడూ పూయలేదు.

ఆదిశేషమ్మ వచ్చి చూసింది. తనే మొగ్గలు కోసి, గడప మీద కూర్చుని మాల కట్టి రాఘవమ్మ జడలో తురిమింది.

"నా నోరు మంచిది కాదే అమ్మాయి. వస్తాడులే వాడు" అని కొంగుతో కళ్ళొత్తుకుని బండెక్కింది.

చీకటి పడింది. రాఘవమ్మ దీపం వెలిగించింది. చాలా రోజుల తర్వాత ఆమె ముగ్గురికి సరిపడా ఎసట్లో బియ్యం పోసింది. అన్నం వార్చి, మామను పిలుద్దామని పెరటి తలుపు కొంచెం తెరిచింది.

"నీ మీద పూసిన పూలు నీ పెళ్ళామే పెట్టుకునింది రంగా, ఇంక నిన్నెవురూ తవ్వర్లే, నిమ్మళంగా పడుకో నాయనా" అని మామ పొద మొదట్లో మట్టిని నిమురుతూ చెబుతుంటే విని, రాఘవమ్మ జడలో పూలు తీయకుండానే ఆ తలుపును చప్పుడు కాకుండా మూసింది.