ఒకటి రెండు చోట్ల

కుంట గట్టున తాటిమొద్దు ఎక్కి వానకబురు చెప్పడం తొండ పని. ఆ రోజు గాలి వాసన చూసి, తల ఊపుతూ అరిచింది.

"ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి భారీ వర్షాలు పడొచ్చు, పడకపోనూవచ్చు!"

కుంట అంచున, తొండ బొరియ పక్కనే కాపురముండే ఎలుకమ్మ కంగారుపడింది.

"మన అంచున పడుతుందా, తొండ బావా? పిల్లల్ని గట్టు మీదికి చేర్చుకోనా?"

"ఒకటి రెండు చోట్ల అన్నానుగా! అంతకుమించి చెప్పి, రేపు పడకపోతే తిట్లు నాకేగా?"

ఎలుకమ్మ ఇంటికెళ్లిపోయింది. సాయంత్రానికి కుండపోత. కుంట పొంగి బొరియలన్నీ మునిగాయి.

తెల్లారగానే తొండ మొద్దెక్కి, "చూశారా, నా మాట పొల్లుపోలేదు!" అని గొప్పగా తల ఊపింది.

ఎలుకమ్మ నోట కరుచుకొచ్చిన పిల్లను నేల మీద పెట్టింది. మిగిలింది అదొక్కటే.

"నీళ్లొస్తుంటే ముందు నిన్నే లేపుదామని నీ బొరియకొచ్చాను. ఖాళీగా ఉంది! నీ సామాను ఎప్పుడో గట్టెక్కింది. నీకు తెలుసన్నమాట! తిట్లకు భయపడి నాకు మాత్రం చెప్పలేదు. సిగ్గులేదూ? దిగు కిందికి. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడో నేను చూపిస్తాను, రా!"