ఏడాది ఆగిన ఉత్తరం

లిఫ్టు పాడైంది. లిఫ్టునీ, దాన్ని బాగుచేయని మెకానిక్కునీ కలిపి తిట్టుకుంటూ, స్టీలు పెట్టెను నిండు బిందెలా నిటారుగా పట్టుకుని డ్రైవరు ఐదంతస్తులూ ఎక్కాడు.

వార్డు బయట ఒక తల్లి నిలబడి ఉంది. లోపల ఎనిమిదేళ్ళ కూతురు. మూలకణాల మార్పిడి జరిగి మూడు నెలలైంది. కొత్త రక్తం ఇంకా బలం పుంజుకోకముందే వైరస్ పట్టుకుంది. మందులకు లొంగడం లేదు. అదే వైరస్‌తో ఒకప్పుడు పోరాడి గెలిచిన మనిషి రక్తంలోంచి తీసిన రక్షణ కణాలు ఎక్కిస్తే తప్ప పిల్ల దక్కడం కష్టమని డాక్టరు చెప్పేసింది. కణాల బ్యాంకంతా గాలిస్తే పాపకు సరిపడేవి ఒక్కరివే దొరికాయి.

“ఇందులోనేనా అన్నయ్యా?”

“ఇందులోనే అమ్మా. పెట్టె చూసి జడుసుకోకండి. లోపల ఉన్నది రెండు చెంచాలే.”

“రెండు చెంచాలా!” తల్లి మొహం పాలిపోయింది.

“ఒంట్లోకి వెళ్ళాక వాటంతటవే పెరుగుతాయట. మా మేడమ్ చెప్పారు.”

“ఎవరిచ్చారో ఆ మహాతల్లి...”

“మాకూ తెలీదమ్మా. పైన నంబరే ఉంటుంది. ఆడో మగో గానీ, పుణ్యాత్ములు.”

డ్రైవరుకు అలాంటివాళ్ళంటే మహా గౌరవం. తను మాత్రం సూది చూస్తే కళ్ళు తేలేసే రకం. రెండేళ్ళ కిందట తమ కణాల బ్యాంకు స్టాఫంతా ఇస్తుంటే మొహమాటానికి తనూ రక్తం ఇచ్చి, నెల్లాళ్ళు ఆ వీరగాథ చెప్పి అందరి బుర్రా తిన్నాడు. మళ్ళీ ఆ రక్తం తీసే గది ఛాయలకు పోతే ఒట్టు.

మూడు వారాలకు ఇంకో పెట్టెతో వెళ్తే ఆ తల్లే ఎదురొచ్చింది.

“వైరస్ పోయింది అన్నయ్యా! నర్సులతో పేచీలు కూడా మొదలెట్టింది!”

ఏడుస్తూ నవ్వుతూ ఒక కవరు చేతిలో పెట్టింది. కణాలిచ్చిన మనిషికి పాప రాసిన ఉత్తరం.

డ్రైవరు దాన్ని భద్రంగా తెచ్చి ఆఫీసులో ఇచ్చాడు. మేడమ్ రిజిస్టరులో నంబరు చూసింది. కవరు బీరువాలో పెట్టి తాళం వేసింది.

“ఏడాది నిండాకే ఇవ్వాలి. రూలు.”

“ఇదేం రూలు మేడమ్! ఈలోగా ఆ మనిషి ఎటైనా వెళ్ళిపోతే?”

“వెళ్ళడులే.”

అప్పట్నుంచి నెలకోసారి బీరువా దగ్గర సణుగుడే. “తనవల్ల ఒక పిల్ల బతికిందని పాపం ఆ మనిషికి తెలియొద్దా? నాకే ఉండబట్టడం లేదు!” మేడమ్ వినిపించుకునేది కాదు.

ఏడాది నిండిన రోజు పొద్దున్నే ఆమే పిలిచింది. పాప బడికి కూడా వెళ్తోందని చెప్పి కవరు చేతికిచ్చింది.

డ్రైవరు అప్పటికే వ్యాను తాళాలు అందుకున్నాడు. “హమ్మయ్య! అడ్రసు చెప్పండి మేడమ్, ఇట్టే ఇచ్చేసి వస్తా.”

“ఆ తాళాలు అక్కడ పెట్టి, కూర్చుని చదువుకో, అది నీకే.”