మేకుకు తాళంచెవులు

“మేము ఉరుకుంద జాతరకు పోయి వచ్చేలోపల ఇల్లు ఖాళీ చేసిండాల!” వాకిట్లో నిలబడి వీధికంతా వినిపించేలా చెప్పింది హనుమంతమ్మ.

ఆమె ఇంటి ముందు వాటాలో అద్దెకుండే దేవేంద్ర మగ్గం చెక్కను చిత్రిక పడుతున్నాడు. ఎమ్మిగనూరులో ఆ నేతగాళ్ల వీధి మగ్గాలన్నీ బాగుచేసేది అతనే. తలెత్తి, “నేనేం తప్పు చేసినానక్కా?” అన్నాడు.

“నిన్న మా కొత్త మగ్గం పూజలో హారతి ఎందుకు కళ్లకద్దుకోల్యా?”

“నాకు దేవుడు లేడనిపిస్తాది. మీరు చూస్తాండారని అద్దుకుంటే అది దొంగ మొక్కు కాదా అక్కా?”

“సూడు, మళ్లా అదే మాట! దేవుని భయం లేనోనికి మంచేది, చెడ్డేది? నువ్వు ఉంటే మా గడప తొక్కనని పూజారి సామి అనె. వీధంతా ఆయన పక్కనే.”

“సరేలేక్కా” అని దేవేంద్ర చిత్రిక పక్కన పెట్టేశాడు.

ఎదురు తిరిగినా బాగుండేది. అట్లా తల వంచేసరికి హనుమంతమ్మకు మనసు చివుక్కుమంది. ఇంత గొడవయ్యాక ఈ వీధిలో ఇతనికి ఇంకెవరిస్తారు ఇల్లు?

అంతలో పక్కింటి తిమ్మక్క కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగున వచ్చింది. “దేవేంద్రా, ఇదో మా తాళంచెవి. బర్రెకు రెండు పూటలా నీళ్లు పెట్టప్పా” అంటూ గోడకున్న మేకుకు తగిలించింది. ఆ మేకుకు అప్పటికే వీధిలో సగం ఇళ్ల తాళంచెవులు వేలాడుతున్నాయి.

హనుమంతమ్మ నోరు తెరిచింది. “ఏమే, ఈయప్పను పంపియ్యమని నిన్న ఎగిరింది నువ్వే గదా!”

“పంపియ్యమన్నా గాని, జాతరకు ముందే పంపియ్యమన్నానా?” అని తిమ్మక్క ఆటో దగ్గరికి ఉరికింది.

హనుమంతమ్మ నడుముకు దోపుకున్న తాళంచెవిని తడుముకుంది. లోపల మగ్గం మీద సగం నేసిన పెళ్లిచీర. ఎలుకలు కొరికితే? ఎవరికైనా అప్పజెబుదామంటే చుట్టాలూ పక్కాలూ అందరూ ఉరుకుందకే. గొంతు సవరించుకుంది.

“అది కాదప్పా దేవేంద్రా... మగ్గం మీద చీర ఉండాది, ఎలుకలు...”

“ఎలుకల సంగతి నేను చూసుకుంటాలే, పెట్టిపో అక్కా” అని నవ్వాడు దేవేంద్ర.

ఆమె చెయ్యి మేకు దాకా పోయింది. అప్పుడే వీధి చివరి ఆంజనేయుని గుడి పూజారి గబగబా వస్తూ కనిపించాడు. చటుక్కున గుప్పిట మూసేసింది.

“చెప్పేసినా సామీ!” అంది, ఆయన అడక్కముందే. “ఈ పూటే ఖాళీ చేస్తాండాడు.”

పూజారి ముఖం పాలిపోయింది. “ఈ పూటేనా? ఎంత పని చేస్తివమ్మా!” అని అటూ ఇటూ చూసి, పంచె మడతలోంచి ఎర్రదారం కట్టిన తాళంచెవి తీశాడు. “నేనూ ఉరుకుందకు పోతాండా, వచ్చేదాకన్నా ఉండనీ తల్లీ! ఇది హుండీది. వీధంతా భక్తులేనాయె, ఇంకెవరిని నమ్మి ఇచ్చేది?”