మామగారి జేబులో తాళంచెవి

వేడ్ తండ్రి ప్రాణమంతా తన పాత పికప్ బండి మీదే. పోయినేడు ఆయన్ని పూడ్చేటప్పుడు దాని తాళంచెవిని కోటు జేబులోనే ఉంచేశారు. మరో తాళంచెవి లేదని మర్నాడు గానీ గుర్తు రాలేదు.

అందుకే ఈ రాత్రి, గోధుమ చేల మధ్య రేకుల షెడ్డులో, కొత్త పెళ్లికూతురు మెరిన్ బండిలో కూర్చుని స్టార్ట్ బటన్ బిగిస్తోంది. వేడ్ బండి కింద పడుకుని స్టార్టర్‌కు వైరు కలుపుతున్నాడు. హ్యాండ్‌బ్రేకు పనిచేయదు కాబట్టి బండిని గేరులోనే ఉంచారు. బ్యాటరీని ఊడదీసి బల్ల మీద పెట్టారు.

"ఇది స్టార్టయితే రేపు పోర్ట్ లింకన్ టౌన్‌లో నాకు వేడివేడి మాంసం 'పై' కొనిపెట్టాలి!"

"ముందు స్టార్టవనీ తల్లీ! నువ్వు బిగించిన వంటింటి బల్బే ఇంకా వెలగలేదు."

మెరిన్ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగగానే 'టక్' మని వినిపించింది.

"బటన్ నొక్కావా?"

"లేదే."

బ్యాటరీ బల్ల మీదే ఉన్నా, డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. ఇందాక నిలువుగా ఉన్న తాళం రంధ్రం ఇప్పుడు ఓరగా ఉంది.

"వేడ్, బయటికి రా."

"భుజం ఇరుక్కుంది, ఉండు."

"బంగారం, ఇప్పుడే రా!"

మళ్లీ టక్. మూడోసారి తిరిగితే ఇంజను స్టార్టయి, బండి ముందుకు దూకుతుంది.

మెరిన్ రంధ్రాన్ని బొటనవేలితో అదిమిపట్టింది. వేలి కింద అది, ఎవరో అలవాటుగా తిప్పుతున్నట్టు, మెల్లగా కదలసాగింది.