ఆర్పీఎం ముల్లు

ముసలాయన డబ్బాలోంచి మీటరు తీసి చక్రి చేతిలో పెట్టాడు.

"ఇది నా బండికి బిగించాలి బాబూ."

గుండ్రటి ఆర్పీఎం మీటరు. ఇంజిన్ ఎంత జోరుగా తిరుగుతోందో ముల్లుతో చూపిస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో, బతు బస్తీలోని చక్రి కారు ఎలక్ట్రికల్ షాపుకి ఇలాంటివి తెచ్చేది కాలేజీ కుర్రాళ్లే.

"ఈ వయసులో రేసా చాచా?"

ముసలాయన పలకలేదు. బండి షాపులోకి తెమ్మని చక్రి అరిచి, చెయ్యి ఊపితే గానీ కదల్లేదు.

డాష్‌బోర్డు కింద ప్యానెల్ ఊడదీసి చక్రి ఇంజిన్ కంప్యూటర్ బయటికి లాగాడు. దాని వైర్ల గుత్తిలో ఆర్పీఎం సిగ్నల్ వచ్చే వైరు వెతికి పట్టుకున్నాడు. దానికి మీటరు వైరు కలిపి టేపు చుట్టాడు. బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాడు.

ముల్లు లేచింది.

ముసలాయన ముఖం విప్పారింది.

"ఇంక పర్లేదు. గేరు ఎప్పుడు మార్చాలో దీన్ని చూస్తే తెలిసిపోద్ది."

"సౌండ్ వింటే తెలీదా?"

"చెవులు పోనాయి బాబూ. నీ పెదాలు చూసే నీ మాట పోల్చుకుంటున్నా."

చక్రి పక్కనున్న టీ కొట్టు వైపు తిరిగాడు.

"సునా భయ్యా? బహరా ఆద్మీ, చెవిటోడు, బండి నడుపుతాడంట!"

టీ తాగేవాళ్లు నవ్వారు. చక్రికి హుషారొచ్చింది. ముసలాయన ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో మాటా సాగదీస్తూ అడిగాడు.

"బండిలో ఎవర్నైనా ఎక్కించుకుంటావా?"

"ఎక్కించుకుంటా."

"ఏదో రోజు ఆ మనిషిని చంపేస్తావ్. బండి అమ్మేసి ఇంట్లో కూర్చో."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముసలాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్‌ని ఓసారి నిమిరాడు.

"నిజమేనేమో. మీటరు తీసెయ్ బాబూ."

చక్రి భుజాలెగరేసి వైరు కత్తిరించాడు.

కొన్నాళ్లకి ఆసుపత్రి నుంచి బావ ధనరాజు ఫోన్ చేశాడు. అక్కని ఐసీయూలో పెట్టారట.

అక్క సుష్మకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి తుష్నాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ రావాలి. ఓడలో పనిచేసే బావ డ్యూటీకెళ్తే ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేం. 'నేను తీసుకెళ్తాలే అక్కా' అని మొదట్లో చక్రి మాటిచ్చాడు. షాపు వదిలి ఒక్కసారీ వెళ్లలేదు. అక్క అడగడం మానేసింది.

అతను వెళ్లేసరికి అక్క ముఖం మీద దుప్పటి కప్పేశారు.

"ఏంటి బావా ఇది?"

"డయాలసిస్ తప్పిపోయింది. నేను ఓడ దిగేసరికే మీ అక్కకి ఊపిరాడట్లేదు."

"మరి ఇన్నాళ్లూ ఎలా వచ్చేది?"

"ఇప్పుడా అడుగుతున్నావ్?" ధనరాజు విసురుగా అతని వైపు తిరిగాడు. "రమణయ్యగారని ఓ పెద్దాయన తన బండిలో తెచ్చి దింపేవాడు. చెవులు వినబడవు. ఎవడో మెకానిక్ 'మనిషిని చంపేస్తావ్' అన్నాడంట, భయపడి బండి అమ్మేశాడు."

చక్రి దుప్పటి కప్పిన అక్క వైపు చూశాడు.

"ఆయన... మనకేమవుతాడు బావా?"

"ఏమీ కాడు. డయాలసిస్ వార్డులో మీ అక్క పక్క మంచం మీద ఆయన భార్య ఉండేది. ఆవిడ పోయాక కూడా, ఒక్క మీ అక్క కోసమే ఆ బండి ఉంచుకున్నాడు."