క్యాబిన్ మీద చప్పుడు

చీకటి పడ్డాక తిరుమణి క్రాసులో ఓబక్క చెయ్యెత్తి లారీ ఆపింది. చంకలో జ్వరంతో పసిబిడ్డ.

"చిన్నరంగప్పా, పావగడ ఆసుపత్రి కాడ దింపప్పా. శనక్కాయ మూటల మీదనే కూచుంటా."

"లోడు జాస్తిగా ఉండాదక్కా. ఎనకాల బస్సొస్తాది."

ఆఖరి బస్సు వెళ్లిపోయిందని అతనికి తెలుసు.

కొంత దూరం పోయాక క్యాబిన్ మీద ఎవరో ఒకసారి తట్టారు. మూటల మీద కూర్చున్నవాళ్లు దిగాలంటే అలా ఒకసారి తడతారు, పోనివ్వమంటే రెండుసార్లు. అతను ఎవరినీ ఎక్కించుకోలేదు. ఆపి, ఎక్కి చూశాడు. మూటలే ఉన్నాయి.

చిన్నరంగప్ప బండి వెనక్కి తిప్పాడు. క్రాసులో ఎవరూ లేరు.

"ఓబక్కా, తప్పయిపోయింది. రా, ముందరే కూచుందువు."

చీకట్లోకి అలా కేకేసి, మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కాసేపటికి క్యాబిన్ మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది.

పావగడ ఆసుపత్రి ముందు తెల్లారేదాకా లారీ ఆపుకొని కూర్చున్నాడు. దిగుతామని ఎవరూ తట్టలేదు.