గోరంత నమ్మకం

“ఇదేంట్రా, ఇంతేనా! తుమ్మితే ఎగిరిపోయేట్టుంది” అన్నాడు అనుమానం, అరచేతిలో పెన్‌డ్రైవును చూసుకుంటూ.

“చిన్నదవడమే దాని గొప్ప బావా. కంప్యూటర్‌కి పెడితే పెట్టినట్టే తెలీదు” అన్నాడు బావమరిది.

నిజమే. చిటికెనవేలి గోరంత ఉంది. పేరింకా అచ్చువేయని ఉత్త నల్ల డొప్ప.

“ఆగండి, మీ సంగతి నాకు తెలుసు” అంది అనుమానం భార్య. “కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి మీరు. దీన్ని బతకనిస్తారా?” గోళ్లరంగు సీసా తెచ్చి డ్రైవు వీపున ఎర్రటి చుక్క పెట్టింది. “కంప్యూటర్‌లోకి దూరే భాగమేలే, పైకి కనబడదు” అని తమ్ముడికి సర్దిచెప్పింది.

అనుమానం అతని అసలు పేరు కాదు. మార్కెట్లోకి రాబోయే సరుకును పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. సీలు చూసి నమ్మడు, బిల్లు చూసి నమ్మడు. కాఫీలో పంచదార వేశామన్నా చెంచాతో అడుగు దేవి చూసుకుంటాడు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

అంతటివాడూ కళ్లు మూసుకుని నమ్మేది బావమరిది ఒక్కణ్ణే. తన పెళ్లినాటికి నిక్కర్లేసుకుని తిరిగేవాడు. సైకిలు నేర్పిందీ, కాలేజీలో చేర్పించిందీ తనే. ఇప్పుడు వాడు సొంతంగా వర్క్‌షాపు పెట్టి ఈ డ్రైవులు చేస్తున్నాడు. ఒక పెద్ద దుకాణాల కంపెనీ కొంటానంది, ల్యాబ్ సరేనంటేనే. కాదంటే వర్క్‌షాపు షట్టరు దించేసుకోవడమే.

“మా బావమరిది సరుకండీ, ఇంకెవరికైనా ఇవ్వండి” అని మేనేజరుతో ముందే చెప్పాడు అనుమానం.

“మీకంటే ఏడిపించేవాడు ఇక్కడెవడున్నాడండీ? మీరే చూడండి” అన్నాడాయన నవ్వుతూ.

చూడాల్సింది ఒకటే. దొంగ డ్రైవు నోటితో అరవై నాలుగు జీబీలంటుంది, కడుపులో పట్టేది ఎనిమిదే. నిండాక పాతవాటిమీదే కొత్తవి రాసేస్తూ ‘అంతా భద్రం’ అని బొంకుతుంది. అందుకని నిలువునా నింపి, నింపిందంతా తిరిగి చదివించాలి. అయితే ముందు ఆ పరీక్షే సరిగ్గా పనిచేస్తోందో లేదో తేలాలిగా! దానికోసం అనుమానం ఒక పాత దొంగను అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. అదీ గోరంతే, అదీ నల్లదే. ఏ పరీక్షకైనా ముందు దాన్ని పెడతాడు. అది దొరికిపోతేనే అసలు సరుకు జోలికి వెళతాడు.

ఆవేళా అలాగే పెట్టాడు. ఎనిమిదో జీబీ దాటగానే తెరమీద ఎర్ర గీత పడింది. “దొరికావురా దొంగా” అనుకుని దాన్ని పీకి, బావమరిది డ్రైవు అందుకుంటుంటే ఫోను మోగింది. రెండు చేతులూ ఖాళీ చేసుకుని ఎత్తాడు.

“ఏమండీ, మా తమ్ముడిది ఏమైంది?”

“నువ్వు ఫోను పెట్టేస్తే నేను అది పెడతానే తల్లీ!”

పెట్టాడు. అగ్గిపెట్టె సొరుగులో పడేసి, భోజనం చేసొచ్చాడు.

తెరమీద ఎర్ర గీత.

 ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి, మొదటినుంచి మళ్లీ నడిపించాడు. మళ్లీ అదే. ఆగిన చోటు చూసి ఒళ్లు మండిపోయింది. ఇందాక తన దొంగ ఆగిన చోటే, పిసరంత తేడా లేకుండా! అంటే అవే దొంగ చిప్పులు. ఏ చెత్తబజారులోనో ఏరుకొచ్చి, పైన కొత్త డొప్ప తొడిగి, తన చేతనే ముద్ర వేయించుకుందామని చూశాడన్నమాట! ఎవడు? తన భుజాలెక్కి ఆడుకున్నవాడు!

పిలిపిస్తే బావమరిది పరుగున వచ్చాడు.

“నా పిల్లల మీద ఒట్టు బావా. ఒక్కో చిప్పూ దగ్గరుండి చూసుకున్నాను.”

“పిల్లల్ని ఎందుకురా మధ్యలోకి లాగుతావు? తెర చూడు. అబద్ధమాడుతోందా?”

“ఏదో పొరపాటు జరిగుంటుంది. నీ చేత్తోనే పెట్టావా?”

“నా చేత్తోనే పెట్టాను. ఇంకొకడి చేతిని నమ్మే రకాన్నా నేను? నిన్ను నమ్మాను చూడు, అదీ నా బుద్ధితక్కువ. బయటివాడైతే మోసమనుకుని ఊరుకునేవాణ్ణి. ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టినవాడికే వెన్నుపోటు పొడుస్తావా?”

బావమరిది కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఆర్డరు పోతే పోయింది బావా. నువ్వు నన్ను దొంగని చేశావు. అది మాత్రం మర్చిపోలేను” అన్నాడు. తలుపు కూడా వేయకుండా వెళ్లిపోయాడు.

అనుమానం వాడి ముందే ‘పనికిరాదు’ అని టైపు చేసి ఉంచాడు. వాడి అడుగుల చప్పుడు మెట్ల మీద వినబడుతుండగానే పంపేశాడు. టీ చల్లారేలోగా మేనేజరు తలుపులోంచి తొంగిచూసి, దుకాణాలవాళ్లు ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేశారని చెప్పాడు. “సొంతమనిషని కూడా చూడలేదు. శభాష్” అని భుజం తట్టి వెళ్లాడు.

భార్య ఫోను చేస్తూనే ఉంది. ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్లలో ఏ దొంగ సరుకూ అతన్ని ఏడిపించలేదు. ఇవాళ ఏడుపు ఆగలేదు.

కళ్లు తుడుచుకుందామని చొక్కా జేబులోంచి రుమాలు లాగితే, దాంతోపాటే గోరంత నల్లటిదొకటి జారి బల్లమీద టక్కున పడింది, వీపున ఎర్ర చుక్కతో.